రీబూట్ తర్వాత నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్ పేరు మారిపోతే ఏం చేయాలి

లినక్స్ సర్వర్‌లో కొత్త కార్డు పెట్టారు, లేదా కెర్నల్ అప్‌డేట్ చేశారు, లేదంటే వీఎంని (వర్చువల్ మెషీన్‌ని) ఒక హోస్ట్ నుంచి ఇంకో హోస్ట్‌కి తరలించారు. రీబూట్ కొట్టాక పింగ్ లేదు, దూరం నుంచి లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్ టైమవుట్. కన్సోల్ తెరిచి చూస్తే మెషీన్ బానే లేచింది, లాగిన్ అవుతోంది, స్విచ్ పోర్టు లైటు కూడా వెలుగుతోంది, ఐపీ మాత్రం లేదు. ఇలాంటప్పుడు చాలామంది ముందు కేబుల్‌ని, తర్వాత స్విచ్‌ని, చివరికి నెట్‌వర్క్ టీమ్‌ని అనుమానిస్తారు. వాళ్లకి టికెట్ వేసే ముందు ఒక్క నిమిషం ఇంటర్‌ఫేస్ పేరు, అంటే నెట్‌వర్క్ కార్డుకి సిస్టమ్ పెట్టుకున్న పేరు, చూడండి. నిన్నటిదాకా ఈఎన్‌పీ5ఎస్0 అని ఉన్నది ఇవాళ ఈఎన్‌పీ6ఎస్0 అయి ఉండొచ్చు, కాన్ఫిగ్ ఫైలేమో ఇంకా పాత పేరునే పట్టుకుని కూర్చుని ఉంటుంది.

ముందే ఒక మాట: కమాండ్లూ ఫైల్ పేర్లూ ఇక్కడ పలికినట్టు తెలుగులోనే రాస్తున్నాను, టెర్మినల్‌లో మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో, నేను వేరేగా చెప్పని చోటల్లా చిన్న అక్షరాల్లో కొట్టాలి. ఉదాహరణలు ఉబుంటు, డెబియన్, రెడ్‌హ్యాట్ కుటుంబాలవి.

1. ముందు కన్సోల్ పట్టుకోండి

నెట్‌వర్క్ లేదు కాబట్టి దారి ఒకటే. ఫిజికల్ సర్వర్ అయితే ఐడ్రాక్, ఐఎల్‌ఓ, ఐపీఎంఐ లాంటి రిమోట్ కన్సోల్, వీఎం అయితే దాన్ని నడిపే హైపర్‌వైజర్ కన్సోల్, క్లౌడ్ అయితే సీరియల్ కన్సోల్. దొరికాక ఊరికే రీబూట్ల మీద రీబూట్లు కొట్టకండి, పేరు మారడానికి కారణం అలాగే ఉన్నంతకాలం ఎన్నిసార్లు లేపినా అదే పేరుతో లేస్తుంది. బూట్ అయ్యేటప్పుడు నెట్‌వర్క్ కాన్ఫిగర్ అయ్యేదాకా ఆగుతున్నానంటూ రెండు నిమిషాలు బిగుసుకుపోయి, ఆ తర్వాత ముందుకు కదిలిందా? అది సిస్టమ్‌డీ నెట్‌వర్క్‌డీ వెయిట్ ఆన్‌లైన్ సర్వీస్ (సిస్టమ్‌డీ అంటే బూట్‌నీ సర్వీసులనీ నడిపించేది). లేని ఇంటర్‌ఫేస్ కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. అది కనిపించిందంటే పేరు సమస్యేనని సగం తేలినట్టే.

2. ఇప్పుడు ఏ పేర్లు ఉన్నాయో చూడండి

ఐపీ -బీఆర్ లింక్

అని కొట్టండి. ఒక్కో ఇంటర్‌ఫేస్‌కి ఒక్కో లైను వస్తుంది: పేరు, స్థితి, మ్యాక్ అడ్రస్ (కార్డు హార్డ్‌వేర్ నంబర్). డాకర్0, వీఈటీహెచ్‌తో మొదలయ్యేవి, విర్‌బీఆర్0 లాంటివన్నీ సాఫ్ట్‌వేర్ పుట్టించినవి, వాటి జోలికి వెళ్లొద్దు. మిగిలినవాటిలో మీ అసలు కార్డు మ్యాక్ ఏ పేరు పక్కన ఉందో చూసి, కాన్ఫిగ్‌లో ఉన్న పేరుతో పోల్చండి. -బీఆర్ తీసేసి మామూలుగా కొడితే కింద ఆల్ట్‌నేమ్ అనే లైన్లు కూడా కనిపిస్తాయి. కొత్త కెర్నళ్లలో ఒకే కార్డుకి అసలు పేరుతో పాటు మారుపేర్లు కూడా ఉంటాయి. మీ పాత పేరు అక్కడ ఆల్ట్‌నేమ్‌గా కనిపిస్తే సంతోషించండి, కారణం తేల్చడం తేలిక.

కార్డే లిస్టులో లేకపోతే ఇది పేరు గొడవ కాదు. ఎల్ఎస్‌పీసీఐ -ఎన్ఎన్‌కే కొట్టి, కార్డు కనిపిస్తోందా, దాని కింద డ్రైవర్ లైను ఉందా చూసుకోండి. అది డ్రైవర్ సంగతి, ఇంకో రోజు మాట్లాడుకుందాం.

3. తాత్కాలికంగా ఐపీ ఇచ్చి ఎస్‌ఎస్‌హెచ్ తెచ్చుకోండి

కన్సోల్‌లో కాపీ పేస్ట్ సరిగ్గా పనిచేయదు, కీబోర్డు లేఅవుట్ కూడా ఒక్కోసారి తేడా కొడుతుంది. రాత్రి రెండింటికి చేంజ్ విండోలో కూర్చుని అక్కడే అన్నీ టైపు చేయాలంటే నరకం. అందుకని ముందు చేత్తో ఐపీ పెట్టేయండి:

ఐపీ లింక్ సెట్ ఈఎన్‌పీ6ఎస్0 అప్
ఐపీ యాడ్ర్ యాడ్ 192.168.10.20/24 డెవ్ ఈఎన్‌పీ6ఎస్0
ఐపీ రూట్ యాడ్ డిఫాల్ట్ వయా 192.168.10.1

అడ్రసులు మీవి వేసుకోండి. స్విచ్‌లో ఆ పోర్టు ట్రంక్ (వీల్యాన్‌లని, అంటే ఒకే వైరు మీద నడిచే వేర్వేరు నెట్‌వర్క్‌లని, మోసేది) అయి, మీ ఐపీ వీల్యాన్ మీద ఉంటే ముందు ఆ వీల్యాన్ ఇంటర్‌ఫేస్‌ని కూడా చేత్తోనే సృష్టించాలి. ఇవేవీ డిస్క్ మీద రాయబడవు, రీబూట్ చేస్తే ఎగిరిపోతాయి. ఇప్పుడు మనకి కావాల్సింది కూడా అంతే, కాస్త ఊపిరి పీల్చుకోవడానికి ఎస్‌ఎస్‌హెచ్. యాప్ వాళ్లకి సర్వర్ పైకి వచ్చిందని చెప్పేయొచ్చు, అసలు పని ఇంకా ఉందని మాత్రం మీరు మర్చిపోవద్దు.

4. పేరుని చదవడం నేర్చుకోండి

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుదాం, ఎందుకంటే మిగతా అంతా దీని మీదే నిలబడి ఉంది.

పాతకాలంలో, అందరం ఈత్ జీరో అని పిలుచుకునే ఈటీహెచ్0, దాని తర్వాత ఈటీహెచ్1, ఇలా ఉండేవి. కెర్నల్ ఏ కార్డుని ముందు కనుక్కుంటే దానికి 0. డ్రైవర్లు ఒకదాని పక్కన ఒకటి సమాంతరంగా లోడ్ అవుతాయి కాబట్టి, రెండు వేర్వేరు కంపెనీల కార్డులున్న సర్వర్‌లో ఏది ముందు లేస్తుందో గ్యారంటీ లేదు. ఇవాళ ఈటీహెచ్0 బయటి ప్రపంచం వైపు, రేపు అదే పేరు లోపలి నెట్‌వర్క్ వైపు. ఫైర్‌వాల్ మెషీన్‌లో ఇలా జరిగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. దీనికి విరుగుడుగా 2013లో సిస్టమ్‌డీ 197వ వెర్షన్‌తో, కార్డు ఎక్కడ కూర్చుందో దాన్నిబట్టి పేరు పెట్టే పద్ధతి వచ్చింది. రెడ్‌హ్యాట్ 7, ఉబుంటు 16.04, డెబియన్ 9 నాటికి అదే అందరి డిఫాల్ట్ అయిపోయింది.

పేరులో మొదటి రెండు అక్షరాలు రకం చెబుతాయి. ఈఎన్ అంటే ఈథర్‌నెట్, డబ్ల్యూఎల్ అంటే వైఫై, ఐబీ అంటే ఇన్ఫినీబ్యాండ్. ఆ తర్వాత వచ్చే అక్షరమే అసలు కథ. ఓ ఉంటే, అంటే ఈఎన్‌ఓ1 లాంటిది, మదర్‌బోర్డు మీదే ఉన్న పోర్టు, ఆ అంకె బయోస్ ఇచ్చింది. ఎస్ ఉంటే స్లాట్ నంబర్, అది కూడా ఫర్మ్‌వేరో హైపర్‌వైజరో చెప్పిందే. పీ ఉంటే పీసీఐ బస్ నంబర్, దాని వెనక ఎస్ అంటే ఆ బస్ మీద డివైస్ నంబర్, దాని వెనక ఎఫ్ వస్తే ఒకే కార్డు మీద ఎన్నో ఫంక్షన్, మామూలుగా ఎన్నో పోర్టు అనుకోవచ్చు. చివర ఎన్‌పీ0 అని తోక కనిపిస్తే అది డ్రైవర్ చెప్పిన పోర్టు పేరు. ఎక్స్ వచ్చి దాని వెనక పన్నెండు అక్షరాల చాంతాడు ఉంటే అది మ్యాక్ అడ్రస్, యూఎస్‌బీ అడాప్టర్లలో ఎక్కువగా కనిపిస్తుంది.

వీటిలో ఏది వాడాలన్న వరస 99-డిఫాల్ట్.లింక్ అనే ఫైల్‌లో ఉంటుంది: ముందు ఆన్‌బోర్డ్, అది లేకపోతే స్లాట్, అదీ లేకపోతే పాత్. ఏది ముందు దొరికితే అదే పేరు. ఏదీ దొరక్కపోతే కెర్నల్ పెట్టిన ఈటీహెచ్ పేరే ఉండిపోతుంది. అంటే, నిన్నటిదాకా మౌనంగా ఉన్న బయోస్ ఇవాళ కొత్త ఫర్మ్‌వేర్‌తో స్లాట్ నంబర్ చెప్పడం మొదలుపెట్టిందనుకోండి, మీరు కార్డుని ముట్టుకోకపోయినా పీ పేరు పోయి ఎస్ పేరు వచ్చేస్తుంది.

ఇంకో తిరకాసు ఉంది. ఎల్ఎస్‌పీసీఐ బస్ నంబర్‌ని పదహారు ఆధారంగా చూపిస్తుంది, ఇంటర్‌ఫేస్ పేరులో మాత్రం అది మామూలు దశాంశంలో ఉంటుంది. ఎల్ఎస్‌పీసీఐలో 41:00.0 అని ఉన్న కార్డు పేరు ఈఎన్‌పీ65ఎస్0 అవుతుంది, ఏఎఫ్:00.0 అని ఉన్నది ఈఎన్‌పీ175ఎస్0 అవుతుంది. ఇది తెలియక, ఈ 65 ఎక్కణ్నుంచి ఊడిపడిందిరా బాబూ అని తల పట్టుకునేవాళ్లు చాలామంది.

5. ఎందుకు మారిందో పట్టుకోండి

కెర్నల్ లాగ్ చూపించే డీమెసేజ్ (అక్షరాల్లో డీఎంఈఎస్‌జీ) తీసుకుని రీనేమ్డ్ అనే మాట కోసం గ్రెప్ చేయండి. ఏ డ్రైవర్, ఏ పీసీఐ అడ్రస్, ఏ పేరు నుంచి ఏ పేరుకి మారింది అన్నీ ఒకే లైన్లో ఉంటాయి. పాత బూట్ లాగ్ కూడా డిస్క్ మీద ఉంటే జర్నల్‌సీటీఎల్ -కే -బీ -1 కొట్టి అదే మాట వెతకండి, రెండు లైన్లు పక్కపక్కన పెట్టగానే బండారం బయటపడుతుంది. తర్వాత ఇది:

యూడెవ్‌ఏడీఎం టెస్ట్-బిల్ట్‌ఇన్ నెట్_ఐడీ /సిస్/క్లాస్/నెట్/ఈఎన్‌పీ6ఎస్0

ఆన్‌బోర్డ్, స్లాట్, పాత్, మ్యాక్ ప్రకారం ఏయే పేర్లు సాధ్యమో అన్నీ చూపిస్తుంది, ఏ నేమింగ్ స్కీమ్ వెర్షన్ వాడుతోందో కూడా చెబుతుంది. ఇక కారణాల సంగతి.

పీసీఐ అడ్రస్సే మారిపోతే: ఇది అన్నిటికంటే మామూలు. ఎన్‌వీఎంఈ డ్రైవో జీపీయూనో కొత్తగా పెట్టారు, లేదా ఉన్నది పీకేశారు. బస్ నంబర్లు బూట్ సమయంలో వరసగా పంచుకుంటూ వెళ్లేవి, వీధి మొదట్లో కొత్త ఇల్లు లేచిందని మున్సిపాలిటీ వాళ్లు వీధి మొత్తానికి డోర్ నంబర్లు తిరగరాసినట్టు, మధ్యలో ఒక డివైస్ చేరగానే దాని తర్వాతివన్నీ ఒకటి జరుగుతాయి. నెట్‌వర్క్ కార్డు ఉన్నచోటే ఉంది, దాని అడ్రస్ మాత్రం 05 నుంచి 06 అయింది. బయోస్‌లో బైఫర్కేషన్ (ఒక స్లాట్‌ని చీల్చి వాడటం) లాంటివి మార్చినా, పనికిరాని సాటా కంట్రోలర్ ఆపేసినా ఇదే జరగొచ్చు. ఆ పేర్లు ఊహించదగినవని చెప్పుకుంటారు గానీ, హార్డ్‌వేర్ కదలనంతసేపే అది.

అడ్రస్ అదే ఉండి, చివర ఎన్‌పీ0 తోక కొత్తగా వస్తే: కెర్నల్ అప్‌గ్రేడ్. డ్రైవర్ ఇంతకుముందు పోర్టు పేరు చెప్పేది కాదు, కొత్త కెర్నల్లో చెబుతోంది. మెల్లనాక్స్, బ్రాడ్‌కామ్, ఇంటెల్ 40 గిగాబిట్ కార్డులున్న చోట పెద్ద అప్‌గ్రేడ్ తర్వాత ఇది చూస్తుంటాం. ప్రాక్స్‌మాక్స్ అనే హైపర్‌వైజర్‌లో 7 నుంచి 8కి వెళ్లేవాళ్లకి వాళ్ల అప్‌గ్రేడ్ గైడ్‌లోనే కార్డుల పేర్లు మారొచ్చన్న హెచ్చరిక ఉంది.

డిస్ట్రో అప్‌గ్రేడ్ చేసినప్పుడు: సిస్టమ్‌డీ కొత్త వెర్షన్లలో పేరు పెట్టే నియమాలు కొద్దికొద్దిగా మారుతూ వచ్చాయి. ఉబుంటు 22.04లో సిస్టమ్‌డీ 249, 24.04లో 255. అప్‌గ్రేడ్‌కి ముందే భయంగా ఉంటే కెర్నల్ కమాండ్‌లైన్‌లో నెట్.నేమింగ్-స్కీమ్=వీ249 అని పెట్టి పాత నియమాలనే పాటించమని చెప్పొచ్చు. ఇది సిస్టమ్‌డీ నియమాలనే ఆపుతుంది, డ్రైవర్ పెట్టే ఎన్‌పీ0 తోకనీ పీసీఐ జరుగుడునీ ఆపదు.

వీఎం అయితే: హైపర్‌వైజర్ ఏ వర్చువల్ స్లాట్‌లో పెడితే ఆ పేరు. వర్చువల్‌బాక్స్‌లో ఈఎన్‌పీ0ఎస్3, వీఎంవేర్‌లో ఈఎన్‌ఎస్160 లేదా ఈఎన్‌ఎస్192, ప్రాక్స్‌మాక్స్‌లో ఈఎన్‌ఎస్18 తరచూ చూసేవే. ప్రాక్స్‌మాక్స్‌లో మెషీన్ రకాన్ని ఐ440ఎఫ్‌ఎక్స్ నుంచి క్యూ35కి మారిస్తే ఈఎన్‌ఎస్18 కాస్తా ఈఎన్‌పీ6ఎస్18 అవుతుంది. వీఎంవేర్‌లో ఆ 160, 192 అంకెలు వీఎంఎక్స్ ఫైల్‌లోని పీసీఐస్లాట్‌నంబర్ నుంచి వచ్చినవే. అడాప్టర్ తీసేసి కొత్తది పెడితే ఆ అంకె మారొచ్చు, దానితో పేరూ మారుతుంది.

క్లోన్ చేసిన వీఎం అయితే ఒక్కోసారి పేరు మారదు, మ్యాక్ మారుతుంది, లక్షణాలు మాత్రం అచ్చం ఇవే. కొత్త వీఎంని సెట్ చేసే క్లౌడ్-ఇనిట్ మొదటి బూట్‌లో రాసిన నెట్‌ప్లాన్ ఫైల్‌లో (ఉబుంటు నెట్‌వర్క్ కాన్ఫిగ్) పాత మ్యాక్ ఉంటుంది, కొత్త మ్యాక్‌తో అది కలవదు, ఐపీ రాదు. /ఈటీసీ/నెట్‌ప్లాన్ లోపల 50-క్లౌడ్-ఇనిట్.యామ్ల్ తెరిచి చూడండి. దాన్ని చేత్తో దిద్దితే క్లౌడ్-ఇనిట్ తర్వాత మళ్లీ తన ఇష్టం వచ్చినట్టు రాసేయొచ్చు, కాబట్టి /ఈటీసీ/క్లౌడ్/క్లౌడ్.సీఎఫ్‌జీ.డీ ఫోల్డర్‌లో ఒక ఫైలు పెట్టి దాని నెట్‌వర్క్ కాన్ఫిగ్‌ని డిజేబుల్ చేశాకే దిద్దండి.

రీనేమ్3 లాంటి వింత పేరు కనిపిస్తే: రెండు కార్డులు ఒకే పేరు కోసం కొట్టుకున్నాయని అర్థం. మామూలుగా ఎవరో /ఈటీసీ/యూడెవ్/రూల్స్.డీ లోపల 70-పర్సిస్టెంట్-నెట్.రూల్స్ అనే పాత ఫైల్ వదిలేసి ఉంటారు, లేదా చేత్తో ఈటీహెచ్0 అని రూల్ రాసి ఉంటారు. కెర్నల్ ఒక కార్డుకి ఈటీహెచ్0 ఇస్తుంది, రూల్ ఇంకో కార్డుకి అదే ఇవ్వబోతుంది, మధ్యలో ఒకటి త్రిశంకు స్వర్గంలో వేలాడుతుంది. ఆ ఫైల్‌ని పక్కకి తీసేయండి.

6. పేరుని మ్యాక్‌కి కట్టేయండి

కాన్ఫిగ్‌లో పాత పేరు తీసి కొత్త పేరు పెట్టేస్తే ఇవాళ్టికి పనైపోతుంది, వీఎంలకి అది చాలు కూడా. ఫిజికల్ సర్వర్‌కి మాత్రం, ముఖ్యంగా రెండు మూడు కార్డులున్నదానికి, నేనైతే అలా వదలను. రేపు ఇంకో కార్డు పెడితే మళ్లీ ఇదే భాగోతం. దాని బదులు మీరే ఒక పేరు ఎంచుకుని మ్యాక్‌కి కట్టేయండి.

ముందు అసలు మ్యాక్ కనుక్కోవాలి:

ఈటీహెచ్‌టూల్ -పీ ఈఎన్‌పీ6ఎస్0

ఇక్కడ పీ పెద్దక్షరం. ఇది కార్డులో కాల్చి పెట్టిన శాశ్వత మ్యాక్ చూపిస్తుంది. బాండ్‌లో (కొన్ని కార్డులని కలిపి ఒకే లింక్‌గా వాడటం) ఉన్న కార్డులన్నీ ఐపీ లింక్‌లో ఒకే మ్యాక్ చూపిస్తాయి కాబట్టి అక్కణ్నుంచి కాపీ చేస్తే తప్పుతుంది. అదే కమాండ్ చిన్న పీతో కొట్టి చివర 30 అని ఇస్తే ముప్పై సెకన్లు ఆ పోర్టు లైటు మిణుకుమిణుకుమంటుంది. ఏది ఏ పోర్టో తెలియకపోతే డేటాసెంటర్‌లో ఉన్న మనిషికి ఫోన్ చేసి ఏది మెరుస్తోందో చూడమనండి. అన్ని డ్రైవర్లూ దీన్ని పట్టించుకోవు గానీ, సర్వర్ కార్డుల్లో చాలావాటికి పనిచేస్తుంది.

తర్వాత /ఈటీసీ/సిస్టమ్‌డీ/నెట్‌వర్క్ ఫోల్డర్‌లో 10-ల్యాన్0.లింక్ అనే ఫైల్ తెరిచి ఇది రాయండి:

[మ్యాచ్]
పర్మనెంట్‌మ్యాక్‌అడ్రస్=00:25:90:11:22:33

[లింక్]
నేమ్=ల్యాన్0

మ్యాచ్, లింక్, నేమ్ మాటల్లో మొదటి అక్షరం పెద్దది. పర్మనెంట్‌మ్యాక్‌అడ్రస్‌లో మొదటి పీ, మధ్యలో ఎంఏసీ మూడూ, ఆ తర్వాతి ఏ పెద్దక్షరాలు, మిగతావి చిన్నవి, మధ్యలో ఖాళీల్లేవు. ఫైల్ పేరు 10తో మొదలవడం ఊరికే కాదు, 99-డిఫాల్ట్ కంటే ముందు చదవబడాలి, ముందు కలిసిన ఫైలే చెల్లుతుంది.

పర్మనెంట్‌మ్యాక్‌అడ్రస్ అనే కీ సిస్టమ్‌డీ 245లో వచ్చింది. రెడ్‌హ్యాట్ 8లో ఉన్నది 239, కాబట్టి అక్కడ మ్యాక్‌అడ్రస్= వాడాలి (ఎంఏసీ, ఆ తర్వాతి ఏ పెద్దక్షరాలు). పక్కన డ్రైవర్= లైను (మొదటి డీ పెద్దక్షరం) కూడా చేర్చండి, లేకపోతే అదే మ్యాక్‌ని అరువు తెచ్చుకున్న వీల్యాన్, బాండ్ ఇంటర్‌ఫేస్‌లకి కూడా ఆ పేరే పెట్టబోతుంది. అజ్యూర్‌లో యాక్సిలరేటెడ్ నెట్‌వర్కింగ్ ఉన్న వీఎంలో ఇంకో చిక్కు: ఒకే మ్యాక్‌తో రెండు ఇంటర్‌ఫేస్‌లు కనిపిస్తాయి, ఒకటి హైపర్-వీ వర్చువల్ కార్డు, ఇంకోటి దాని వెనక ఉన్న అసలు హార్డ్‌వేర్ ముక్క. అక్కడ మ్యాక్ ఒక్కటే నమ్ముకోకుండా హెచ్‌వీ_నెట్‌వీఎస్‌సీ డ్రైవర్‌తో మ్యాచ్ చేయాలి.

పేరు ఎంచుకోవడంలో రెండు జాగ్రత్తలు. ఈటీహెచ్0 అని పెట్టకండి, ఆ పేర్లు కెర్నల్ పంచేవి, ఇందాక చెప్పిన రీనేమ్3 గొడవ మళ్లీ మొదలవుతుంది. ల్యాన్0, వ్యాన్0, ఎంజీఎంటీ0, డీఎంజెడ్0 లాంటివి హాయి, ఏది ఎందుకో చూడగానే తెలుస్తుంది. రెండోది పొడవు: లినక్స్‌లో ఇంటర్‌ఫేస్ పేరు 15 అక్షరాలు దాటకూడదు. ఈఎన్‌పీ175ఎస్0ఎఫ్0ఎన్‌పీ0 అన్నదానికే పదమూడు అక్షరాలైపోతాయి, దాని వెనక చుక్క పెట్టి వీల్యాన్ నంబర్ వేద్దామంటే చోటుండదు. చిన్న పేరు పెడితే ఈ తలనొప్పి కూడా పోతుంది.

ఇప్పుడు చాలామంది వదిలేసే మెట్టు. పేరు పెట్టడం చాలా సిస్టమ్‌లలో రూట్ డిస్క్ మౌంట్ కాకముందే, ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ అనే బూట్ మొదటి దశ ఇమేజ్‌లోనే జరిగిపోతుంది. అక్కడ మీ కొత్త ఫైల్ లేకపోతే కార్డుకి ముందే డిఫాల్ట్ పేరు పడిపోయి, మీరు ఎంత చక్కగా రాసినా పనిచేయనట్టే కనిపించొచ్చు. కాబట్టి ఉబుంటు, డెబియన్‌లో అప్‌డేట్-ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ -యూ, రెడ్‌హ్యాట్‌లో డ్రాకట్ -ఎఫ్ తప్పకుండా కొట్టండి.

నెట్‌ప్లాన్ వాడేవాళ్లకి ఇంకో దారి ఉంది, యామ్ల్ ఫైల్‌లోనే మ్యాచ్ కింద మ్యాక్ ఇచ్చి సెట్-నేమ్ అని రాస్తే అదే లింక్ ఫైల్ పుట్టిస్తుంది. రెండిట్లో ఏదో ఒకటే చేయండి. రెండు చోట్లా రాస్తే తర్వాత వచ్చేవాడు మిమ్మల్ని తిట్టుకుంటాడు.

7. పాత పేరు ఇంకా ఎక్కడెక్కడ ఉందో వెతకండి

గ్రెప్ -ఆర్ ఈఎన్‌పీ5ఎస్0 /ఈటీసీ

ఒక్కసారి కొట్టి చూడండి, ఇన్ని చోట్ల ఉందా అనిపిస్తుంది. నెట్‌వర్క్ కాన్ఫిగ్ ఎలాగూ ఉంటుంది: ఉబుంటులో నెట్‌ప్లాన్, డెబియన్‌లో /ఈటీసీ/నెట్‌వర్క్/ఇంటర్‌ఫేసెస్, రెడ్‌హ్యాట్ 9లో నెట్‌వర్క్‌మేనేజర్ సిస్టమ్-కనెక్షన్స్ ఫోల్డర్. చివరిదాన్ని చేత్తో దిద్దితే పర్మిషన్ 600 ఉందో లేదో చూసుకుని ఎన్ఎంసీఎల్ఐ కనెక్షన్ రీలోడ్ కొట్టాలి, లేకపోతే పట్టించుకోదు. వీటితో పాటు కీప్‌అలైవ్‌డీ, డీహెచ్‌సీపీ సర్వర్, సిస్‌సీటీఎల్‌లోని ఆర్‌పీ_ఫిల్టర్ లైన్లు, ప్రాక్స్‌మాక్స్‌లో బ్రిడ్జ్-పోర్ట్స్, కుబర్నెటిస్ ఉంటే ఫ్లానెల్, క్యాలికోలకి ఇచ్చిన ఇంటర్‌ఫేస్ పేర్లు. కుబర్నెటిస్‌వి /ఈటీసీలో దొరకవు, క్లస్టర్ లోపల చూడాలి.

అన్నిటికంటే ప్రమాదం ఫైర్‌వాల్. ఎన్ఎఫ్‌టేబుల్స్ రూల్స్‌లో ఐఐఎఫ్ అని రాసి ఉంటే అది ఇంటర్‌ఫేస్ ఇండెక్స్ నంబర్‌తో పనిచేస్తుంది, లోడ్ అయ్యే సమయానికి ఆ పేరుతో ఇంటర్‌ఫేస్ లేకపోతే ఎర్రర్ కొట్టి మొత్తం ఫైలే లోడ్ కాదు. అంటే పేరు మారిన సర్వర్‌కి మీరు మూడో మెట్టులో చేత్తో ఐపీ ఇచ్చి పైకి తెచ్చినప్పుడు, అది ఒక్క రూల్ కూడా లేకుండా తలుపులు బార్లా తెరుచుకుని ఉండొచ్చు. పబ్లిక్ ఐపీ ఉన్న సర్వర్ అయితే ఐపీ ఇచ్చే ముందే ఎన్ఎఫ్‌టీ లిస్ట్ రూల్‌సెట్ కొట్టి రూల్స్ ఉన్నాయో లేవో చూడండి. ఐఐఎఫ్ బదులు ఐఐఎఫ్‌నేమ్ వాడితే పేరుని అక్షరాలుగా పోలుస్తుంది, ఇంటర్‌ఫేస్ లేకపోయినా ఫైల్ లోడ్ అవుతుంది. ఐపీటేబుల్స్‌లో గొడవ ఇంకో రకం: రూల్స్ అన్నీ లోడ్ అవుతాయి, ఎర్రర్ ఉండదు, పాత పేరు మీద ఉన్నవి మాత్రం ఏ ప్యాకెట్‌కీ తగలవు. ఫైర్‌వాల్‌డీలో ఇంటర్‌ఫేస్ ఏ జోన్‌లో ఉందో కూడా చూసుకోండి, కొత్త పేరుకి జోన్ చెప్పకపోతే డిఫాల్ట్ జోన్‌లోకి వెళ్లిపోతుంది.

8. రీబూట్‌కి ముందు పరీక్షించండి

యూడెవ్‌ఏడీఎం టెస్ట్-బిల్ట్‌ఇన్ నెట్_సెటప్_లింక్ /సిస్/క్లాస్/నెట్/ఈఎన్‌పీ6ఎస్0

దీని అవుట్‌పుట్‌లో ఐడీ_నెట్_లింక్_ఫైల్ పక్కన మీ 10-ల్యాన్0.లింక్ కనిపించాలి. ఇంకా 99-డిఫాల్ట్.లింక్ కనిపిస్తోందంటే మ్యాక్ తప్పు రాశారు, లేదా కీ స్పెల్లింగ్ తప్పింది, లేదా ఫైల్ పేరు చివర లింక్ లేదు. ఆ తర్వాత కన్సోల్ తెరిచి పెట్టుకునే రీబూట్ చేయండి. నెట్‌ప్లాన్ ట్రై అనే కమాండ్ మంచిదే, 120 సెకన్లలో మీరు ఓకే అనకపోతే వెనక్కి తిప్పేస్తుంది, కానీ అది ఐపీ మార్పులకి పనికొస్తుంది, బూట్ సమయంలో జరిగే ఈ పేరు మార్పుని అది పరీక్షించలేదు.

నెట్.ఐఎఫ్‌నేమ్స్=0 పెట్టేస్తే పోదా?

ఇది అందరూ అడుగుతారు, ఎక్కడ వెతికినా మొదట దొరికే సలహా కూడా ఇదే. బూట్‌లోడర్ గ్రబ్‌లో ఉండే కెర్నల్ కమాండ్‌లైన్‌లో నెట్.ఐఎఫ్‌నేమ్స్=0 పెట్టి, పాత డెల్ సర్వర్లలో ఈఎం1, పీ1పీ1 లాంటి పేర్లు పెట్టే బయోస్‌డెవ్‌నేమ్ కూడా ఉంటే దాన్నీ 0 చేస్తే, మళ్లీ ఈటీహెచ్0 రోజులు వచ్చేస్తాయి. ఒకే కార్డు ఉన్న వీఎంకి ఇది తప్పేమీ కాదు. ఉన్నది ఒక్కటే అయినప్పుడు దాని పేరు 0 కాక ఇంకేమవుతుంది? ఎన్నో హైపర్‌వైజర్ల మీద ఒకే ఇమేజ్ నడిపేవాళ్లకి ఇది నిజంగా సుఖం, ఈటీహెచ్0 పేరు మీదే లైసెన్స్ వెతికే పాత సాఫ్ట్‌వేర్ ఉన్నచోట తప్పదు కూడా. రెండు కార్డులున్న సర్వర్‌లో మాత్రం వద్దు, అందులోనూ రెండు వేర్వేరు డ్రైవర్లతో నడిచేవైతే అస్సలు వద్దు. ఇప్పుడైతే పేరు మారినప్పుడు నెట్‌వర్క్ రాదు, మీకు వెంటనే తెలుస్తుంది. అప్పుడు రెండు పేర్లూ ఉంటాయి, కార్డులే తారుమారై ఉంటాయి, లోపలి నెట్‌వర్క్‌కి రాసిన రూల్ బయటి కార్డు మీద నిశ్శబ్దంగా పనిచేస్తూ ఉంటుంది.

ఇప్పటికే అలా నడుస్తున్న సర్వర్ మీ చేతికి వస్తే, ఆ ఆప్షన్ పీకేయడం కూడా పేరు మార్చడమే. లింక్ ఫైల్ ఉంటే ఆ ఆప్షన్ ఉన్నా లేకపోయినా మీ పేరే పడుతుంది, కాబట్టి ముందు అన్ని కార్డులకీ లింక్ ఫైళ్లు రాసి, కాన్ఫిగ్‌లు ల్యాన్0, వ్యాన్0లకి మార్చి, ఒకసారి రీబూట్ చేసి చూసుకున్నాక ఇంకో రోజు గ్రబ్‌లో ఆ లైన్ తీసేయండి. అన్నీ ఒకే రాత్రి చేయొద్దు.

అంతా లేచాక మానిటరింగ్ కూడా ఒకసారి తెరవండి. ప్రొమీథియస్, జాబిక్స్ లాంటివి ట్రాఫిక్ గ్రాఫ్‌లని ఇంటర్‌ఫేస్ పేరుతోనే దాచుకుంటాయి, పాత పేరు గ్రాఫ్ ఆగిపోయి కొత్త పేరుతో ఇంకోటి మొదలవుతుంది, పాత పేరు మీద పెట్టిన అలర్ట్ అయితే ఇక ఎప్పటికీ మోగదు.